రంగస్థలాన్ని విడవని నటుడు పాల్ స్కోఫీల్డ్ గురించి తెలిసినవారు చెప్పగలరా?

ప్రశ్న: మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మా పర్లాకిమిడిలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ 40 ఏళ్లకు పైగా హరిశ్చంద్ర వేషం కట్టిన మా గురువుగారికి వచ్చే నెల సన్మానం తలపెట్టాం. సన్మాన పత్రం రాసే పని నాకు అప్పగించారు. వయసులో ఉండగా ఆయనకు మద్రాసు నుంచి ఒక సినిమా వేషానికి పిలుపు వచ్చింది. వెళ్లి, ఆ వేషం పూర్తి చేసి, మళ్లీ మన జాతర పందిళ్లకే తిరిగి వచ్చేశారు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా కుర్రవాళ్లు "పాపం, చేతికందిన అదృష్టాన్ని వదులుకున్నారు" అని జాలిపడుతుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆయన జాలిపడవలసిన మనిషి కారు.

ఆస్కారు వచ్చిన తరువాత కూడా నాటకాలకే తిరిగి వెళ్లిన బ్రిటిష్ నటుడిగా పాల్ స్కోఫీల్డ్ పేరు ఒకచోట చదివాను. పత్రంలో ఆయనను ఉదాహరణగా చూపవచ్చునా? ఆయన నిజంగా సినిమాలను కాదన్నారా? తెలిసీ తెలియని మాట రాసి గురువుగారిని చిన్నబుచ్చడం నాకు ఇష్టం లేదు.

జవాబు 1: విశ్రాంత ఆంగ్లోపన్యాసకుడు (బరంపురం)

నమస్కారం. ఉదాహరణగా తప్పకుండా చూపవచ్చు. అయితే "సినిమాలను కాదన్నారు" అని మాత్రం రాయకండి. ఆయన సినిమాను చిన్నచూపు చూడలేదు. నాటకాన్ని జీవనంగా పెట్టుకొని, మనసుకు నచ్చిన పాత్ర వచ్చినప్పుడు సినిమా చేసి, పని కాగానే ఇంటికి వెళ్లిపోయేవారు.

1922 జనవరి 21న బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. తండ్రి బడిలో ప్రధానోపాధ్యాయుడు. కుటుంబం ససెక్స్‌లో స్థిరపడటంతో బ్రైటన్‌లోని వర్న్‌డీన్ పాఠశాలలో చదువుకున్నారు. అక్కడ షేక్‌స్పియర్ రుచి తెలిసింది. జూలియెట్ వేషం కూడా అక్కడే వేశారు. స్త్రీ పాత్రలు మగవాళ్లే కట్టిన నాటకాలు చూసి పెరిగిన మనకు ఇది వింతగా తోచదు. కాలివేళ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉండటం వల్ల బూట్లు తొడగలేరని యుద్ధకాలంలో ఆయనను సైన్యంలోకి తీసుకోలేదు. బర్మింగ్‌హామ్ రెపర్టరీ అనే నాటక సంస్థలో పీటర్ బ్రూక్ అనే యువ దర్శకుడితో కలిసి పనిచేయడం, ఆ వెంటనే షేక్‌స్పియర్ పుట్టిన ఊరైన స్ట్రాట్‌ఫర్డ్‌లోని రంగస్థలానికి వెళ్లడం ఆయన నటజీవితానికి దారి చూపాయి. 1955లో బ్రూక్ దర్శకత్వంలోనే హామ్లెట్‌ను మాస్కోలో ప్రదర్శించారు.

మీకు పనికివచ్చే అసలు సంగతి ఇది. రాబర్ట్ బోల్ట్ రాసిన "ఎ మ్యాన్ ఫర్ ఆల్ సీజన్స్" నాటకంలో సర్ థామస్ మోర్ పాత్రను ఆయన 1960లో లండన్‌లోనూ 1961 నుంచి న్యూయార్క్‌లోనూ ధరించి, 1962లో అమెరికాలో నాటకరంగానికి ఇచ్చే టోనీ పురస్కారం పొందారు. 1966లో ఫ్రెడ్ జిన్నెమన్ దానిని సినిమాగా తీసినప్పుడు అదే పాత్రకు ఉత్తమ నటుడిగా ఆస్కారు వచ్చింది. ఆ బహుమతి అందుకోవడానికి ఆయన వెళ్లనే లేదు. ఆయన తరఫున సహనటి వెండీ హిల్లర్ స్వీకరించారు. ఇంతకీ మోర్ ఎవరు? మనసు ఒప్పని ప్రమాణం చేయనన్నందుకు రాజు ఎనిమిదో హెన్రీ 1535లో తల తీయించిన మంత్రి. ఆడిన మాట కోసం కాటికాపరి అయిన రాజు వేషంలో జీవితమంతా గడిపిన మీ గురువుగారికి ఇంతకన్నా దగ్గరి పోలిక ఎక్కడ దొరుకుతుంది?

సినిమాలో మోర్ విచారణ ఘట్టాన్ని వీలైతే చూడండి. తనమీద అబద్ధపు సాక్ష్యం చెప్పి వెళ్లిపోతున్న రిచర్డ్ రిచ్‌ను ఆపి, అతని మెడలోని అధికార గొలుసును చేతిలోకి తీసుకొని చూస్తారు. ఆ సాక్ష్యానికి ప్రతిఫలం వేల్స్‌లో ఒక పదవి అని తెలిసినప్పుడు ఆయన గొంతు పెరగదు. ఒక్క వాక్యం, అదీ జాలిగా అంటారు. ఆ నెమ్మదికి సాక్షి తల దించుకోవలసి వస్తుంది.

జవాబు 2: తెర వెనుక మనిషి (రాయగడ)

పైన మాస్టారు మోర్ గురించి చెప్పారు కనుక నేను షేక్‌స్పియర్ నాటకం "కింగ్ లియర్"లోని ముసలి రాజు లియర్ గురించి చెబుతాను. 1962లో బ్రూక్ దర్శకత్వంలో స్కోఫీల్డ్ లియర్ రాజుగా నటించేనాటికి ఆయన వయసు 40 ఏళ్లే. అంత చిన్న వయసులో ముసలి రాజు పాత్ర కట్టడం ఎంత కష్టమో మేకప్ పెట్టె మోసిన నాబోటివాడికి తెలుస్తుంది. రంగస్థలం దాదాపు ఖాళీగా ఉండేది. తుపాను ఘట్టంలో తుప్పుపట్టిన పెద్ద ఇనుపరేకులు జనానికి కనబడేలాగే పైనుంచి వేలాడుతూ ఉరుముల్లా మోగేవి. మన నాటకాల్లో వింగు పక్కన నిలబడి నేను ఎన్నోసార్లు రేకు ఊపాను, కాని జనానికి కనబడకూడదని తెర చాటున దాక్కొని ఊపేవాణ్ణి. దాచనవసరం లేదని, ఎదురుగా ఉన్న రేకు నుంచే తుపానును నమ్మించగల నటుడు ఉంటే చాలని ఆ దర్శకుడు నమ్మాడు. 2004లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ నటులు అన్ని షేక్‌స్పియర్ పాత్రపోషణలలోకీ ఈ లియర్‌నే గొప్పదిగా ఎన్నుకున్నారు.

1979లో నేషనల్ థియేటర్‌లో "అమేడియస్" నాటకం తొలి ప్రదర్శనలో, మోజార్ట్‌పై అసూయపడే సంగీతకారుడు సాలియెరీ పాత్ర ఆయనదే. 1984లో వచ్చిన సినిమాలో ఆ పాత్ర మరొకరు ధరించి ఆస్కారు పొందారు. వీలైతే ఇది కూడా పత్రంలో చేర్చండి.

జవాబు 3: నౌపడా బండి (గుణుపురం)

పెద్దలు చెప్పినదంతా నిజమే. ఒక్క విషయం మాత్రం మరిచిపోవద్దని మనవి. స్కోఫీల్డ్ తిరిగి వెళ్లిన రంగస్థలానికి ప్రభుత్వ ధనసహాయం ఉంది, నెలల తరబడి సాగే ప్రదర్శనలు ఉన్నాయి. మన నటుడు తిరిగి వచ్చిన రంగస్థలానికి ఏమున్నాయి? జాతర కమిటీ ఇచ్చే బయానా, తెల్లవారుజామున కాటి సీను ముగిశాక బస్టాండులో టీ, ఇంటికి వెళ్తే పొలం పని. మా నాన్నగారు హార్మోనిస్టు కనుక ఈ బతుకు నేను దగ్గరి నుంచి చూశాను. ఇద్దరి ఎంపికా ఒకటే అయినా, మీ గురువుగారు చెల్లించిన మూల్యం చాలా ఎక్కువ. పోలిక పెట్టినప్పుడు ఆ తేడా కూడా రాయకపోతే ఆయనకు అన్యాయం చేసినట్టే అవుతుంది.

ప్రశ్న అడిగిన వ్యక్తి: మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి)

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. గుణుపురం సోదరుడి మాట చదివాక నా చిత్తుప్రతిని పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. ప్రభుత్వం సర్ బిరుదు ఇస్తామన్నా స్కోఫీల్డ్ తీసుకోలేదనీ, 2008లో మరణించేవరకూ మిస్టర్ స్కోఫీల్డ్‌గానే ఉండిపోయారనీ కూడా నాకు తెలిసింది. నిన్న సాయంత్రం గురువుగారి దగ్గరికి వెళ్లి మోర్ కథ చెప్పాను. అంతా విని, "ఆ రాజు ఆయన పెళ్లాంబిడ్డల్ని ఏంచేశాడు?" అని అడిగారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. పత్రం మొదటి వాక్యంలో ఆ ప్రశ్నే పెడుతున్నాను.