అర్ధరాత్రి కారు అలారం దానంతటదే మోగుతోంది, మాన్యువల్ లేదు

సెల్లార్_బాధితుడు:
ఈమధ్యే 2012 మోడల్ చిన్న కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నానండి, విజయవాడలో. అలారం కంపెనీది కాదు, పాత ఓనరు బయట షాపులో పెట్టించిన రిమోట్ సిస్టమ్. రిమోట్ మీద నాలుగు బటన్లు, బొమ్మలు సగం అరిగిపోయాయి, అమ్మినాయనకి ఫోన్ చేస్తే "ఒకటి నొక్కితే పడుద్ది, ఇంకోటి నొక్కితే వస్తది, అంతే" అన్నాడు. అసలు గొడవేంటంటే వానలు మొదలైన దగ్గర్నుంచి అర్ధరాత్రి దాటాక దానంతటదే అందుకుంటోంది, మూడో అంతస్తు నుంచి లుంగీతో పరిగెత్తాల్సి వస్తోంది, అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో నా ఫ్లాట్ నంబరు వేసి మరీ తిడుతున్నారు. రిమోట్ కూడా కారు పక్కన నిలబడితేగానీ పనిచేయట్లేదు. బాగు చేయించుకోవచ్చా, పీకించేయమంటారా?

ఆటో_ఎలక్ట్రీషియన్:
ఎలా మోగుతోందో చూడండి ముందు. రెండు మూడు సార్లు కీచుమని ఆగిపోతే షాక్ సెన్సర్ పని, అంటే కుదుపును పసిగట్టేది. ఇండికేటర్లు కొట్టుకుంటూ అరనిమిషం ఫుల్ సైరన్ వస్తే మాత్రం తలుపో బానెట్టో తెరుచుకుందని అలారం బాక్స్ అనుకుంటోందన్నమాట. వానలకే మొదలైందంటున్నారు కాబట్టి నా అనుమానం రెండోదాని మీదే. తలుపు మూస్తే లోపలికి నొక్కుకుపోయే చిన్న స్విచ్ డోర్ ఫ్రేమ్‌లో ఉంటుంది, దాని రబ్బరు తొడుగు చిరిగితే నీళ్లు దిగి తుప్పు పట్టి ఎర్త్ తగులుతుంది, తలుపు తెరిచినట్టే బాక్స్‌కి సిగ్నల్ వెళ్తుంది. రూఫ్ లైటును డోర్ పొజిషన్‌లో (తలుపు తెరిస్తే వెలిగేలా) పెట్టి, అన్ని తలుపులూ వేసి, బయటి నుంచి ఒక్కో తలుపునీ అరచేత్తో గట్టిగా ఒత్తండి. ఎక్కడ లైటు మిణుక్కుమంటే దొంగ అక్కడే. షాక్ సెన్సరే అయితే స్టీరింగ్ కింద అగ్గిపెట్టెంత నల్ల డబ్బా, దాని మీద చిన్న స్క్రూ ఉంటుంది, సెన్సిటివిటీ కొంచెం తగ్గించండి. మరీ తగ్గిస్తే అద్దం పగలగొట్టినా పలకదు.

నిద్రమొహం:
పీకి పారేయండి మాస్టారూ. అలారం మోగితే దొంగేమోనని ఎవడైనా బయటికొచ్చి చూస్తాడా? తిట్టుకుని దుప్పటి కప్పుకుంటాడు. ఒక స్టీరింగ్ లాక్ రాడ్ కొనుక్కుంటే ప్రాణానికి హాయి.

ఆటో_ఎలక్ట్రీషియన్:
పీకొచ్చు గానీ సొంతంగా వైర్లు లాగేయకండి. చాలా కిట్లలో ఇగ్నిషన్ వైరును మధ్యలో కత్తిరించి రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) గుండా తిప్పుతారు, బాక్స్ తీసేసి ఆ రెండు కొసలూ మళ్లీ కలపకపోతే బండి స్టార్ట్ అవ్వదు. ఇక సైరన్‌లో సొంత బ్యాటరీ ఉన్న రకమైతే కారు బ్యాటరీ టెర్మినల్ ఊడదీసినా అరుస్తూనే ఉంటుంది, దానికి వేరే బుల్లి తాళంచెవి ఇస్తారు. అది మీ దగ్గర ఉందా?

పాతబండి_ప్రేమికుడు:
రిమోట్ సంగతి ఎవరూ చెప్పలేదు. దగ్గరికెళ్తేనే పనిచేస్తోందంటే ముందు సెల్ మార్చి చూడండి. ఇలాంటి పాత రిమోట్లలో ఎక్కువగా 12 వోల్టుల 23ఏ సెల్ ఉంటుంది, కొన్నింట్లో సీఆర్2032 బిళ్ల సెల్, పాతది విప్పి తీసుకెళ్తే వాచీ షాపువాళ్లే ఇస్తారు. సెల్ పూర్తిగా చచ్చిపోతే తాళంచెవితో తలుపు తీయగానే సైరన్ మొదలవుతుంది, అప్పుడు టెన్షన్ పడకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి డ్యాష్‌బోర్డు కింద దాచిన బటన్ నొక్కితే చాలా కిట్లలో ఆగుతుంది. ఆ బటన్ ఎక్కడుందో పగలే వెతికి పెట్టుకోండి, రోడ్డు మీద చీకట్లో వెతకడం నరకం. ఇంకోటి, ఇన్సూరెన్స్ తగ్గుతుందని దీన్ని ఉంచుకోకండి, ఏఆర్ఏఐ (వాహనాలను పరీక్షించే సంస్థ) ఆమోదం ఉన్నవాటికే ఆ తగ్గింపు, అదీ టారిఫ్ ప్రకారం ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి కట్టే) ప్రీమియంలో 2.5 శాతం, 500 రూపాయలు దాటదు.

సెల్లార్_బాధితుడు:
దొరికింది! ఎడమవైపు వెనక తలుపు. చెయ్యి వేయగానే లైటు టపటపా కొట్టుకుంది, రబ్బరు తొడుగు అసలు లేనే లేదు. రేపు ఆటోనగర్ వెళ్లి స్విచ్ తెస్తాను, రిమోట్ సెల్ కూడా. ఈ ఒక్క రాత్రికి రిమోట్ ముట్టుకోకుండా తాళంచెవితో లాక్ చేస్తే అలారం పడదు కదా?

ఆటో_ఎలక్ట్రీషియన్:
నమ్మలేమండి, తలుపులు మూసిన కాసేపటికి వాటంతటవే ఆన్ అయ్యే కిట్లూ ఉన్నాయి. లాక్ చేశాక ఒక నిమిషం అక్కడే నిలబడి డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు చూడండి, మెరుస్తుంటే పడినట్టే.