రక్షణ నిశ్చయత (నేను పాపం నుంచి రక్షింపబడ్డానన్న నమ్మకం) నిలవడం లేదు – రోమా 8:16 గురించి సాయం కావాలి

వందనాలు. బాప్తిస్మం తీసుకుని 3 ఏళ్లయింది. 4 నెలల క్రితం మత్తయి 7:21-23 చదివినప్పటి నుంచి, రోజూ పడుకునే ముందు ఒకటే భయం: ప్రభువు నన్ను ఎరుగనంటాడేమో అని. పగలు పనిలో ఉంటే రాదు.

రక్షణ ప్రార్థన ఎన్నోసార్లు మళ్లీ చేశాను. 3 రోజులు ఉపవాసమున్నాను. కాస్త నెమ్మది, మళ్లీ అదే భయం. పాస్టరు గారు యోహాను 10:28, 1 యోహాను 5:13 చూపించారు. ఆ మాటలు నమ్ముతున్నాను, ప్రభువు చేతిలోనుంచి తనవాళ్లను ఎవరూ లాక్కోలేరు. కానీ ఆ చేతిలో నేనున్నానా అన్నదే తేలడం లేదు.

మనం దేవుని పిల్లలమని ఆత్మే సాక్ష్యమిస్తాడని రోమా 8:16లో ఉంది. నేను దాన్ని ఒక అనుభూతిగా వెతుకుతున్నాను, బహుశా అక్కడే పొరబడుతున్నాను. ఈ దశ దాటినవాళ్లు దయచేసి చెప్పండి: ఆ సాక్ష్యాన్ని మీరు దేన్నిబట్టి గుర్తించారు?