సెకండ్ హ్యాండ్ 24-70 జీఎం 2 కెమెరా లెన్స్ కొనేముందు షాపులో ఏం చూడాలి? పావుగంటే టైమ్ ఇస్తారు

ఉప్పల్ ఫోటోలు:
అన్నలకు, అక్కలకు నమస్తే. నేను పెళ్లిళ్లు, సీమంతాలు తీస్తాను. ఇన్నాళ్లూ కెమెరాతో వచ్చిన కిట్ లెన్స్, ఒక 50 ఎంఎం లెన్స్‌తో నెట్టుకొచ్చాను, కానీ ఫంక్షన్ హాల్ లైట్లలో ఇక కుదరట్లేదు. కోఠిలో ఒక షాపులో సోనీ 24-70 ఎఫ్ 2.8 జీఎం 2 జూమ్ లెన్స్ (సోనీ టాప్ రకం జీఎంలో రెండో తరం, తక్కువ లైట్లోనూ పనికొస్తుంది) సెకండ్ హ్యాండ్‌ది చూశాను. డబ్బా ఉంది, గాజు మీద గీతల్లేవు. నా టెన్షన్ రెండు విషయాల్లో. మొదటిది బరువు. 2016లో వచ్చిన పాత జీఎం 886 గ్రాములు, ఇదేమో 695 గ్రాములే. చేతిలో పట్టుకుంటే అంత ఖరీదైన వస్తువులా అనిపించలేదు. రెండోది, చెవి దగ్గర పెట్టి కొంచెం ఊపితే లోపల ఏదో టక్ టక్‌మంటోంది. షాపాయన "అది మామూలే తమ్మీ" అన్నాడు, కానీ అమ్మేవాళ్లు అలాగే అంటారు కదా. అమ్మ గాజులు కుదువపెట్టి కొంటున్నాను, అందుకే ఇంత అడుగుతున్నా. ఏమేం చూడాలో చెప్పండి.

మల్కాజిగిరి క్లిక్స్:
తమ్మీ, ఆ చప్పుడు విషయంలో షాపాయన అన్నది నిజమే. ఇందులో ఫోకస్ గాజుల్ని నడిపేవి నాలుగు లీనియర్ మోటార్లు, అయస్కాంతాలతో పనిచేస్తాయి. కరెంటు లేనప్పుడు ఆ గాజుల్ని పట్టి ఆపేదేమీ ఉండదు కాబట్టి అటూ ఇటూ జారుతుంటాయి. నీ కెమెరాకే పెట్టి, ఆన్ చేసి, మెల్లగా ఊపి చూడు. చప్పుడు ఆగిపోవాలి. ఆన్‌లో ఉన్నా టక్‌మంటే మాత్రం డబ్బులు బయటికి తీయొద్దు.

బరువుతో క్వాలిటీ చెప్పలేం. ఇనుములా ఉన్న పాత లెన్సుల్లో కూడా గాజు పక్కకు ఒరిగినవి నా చేతిలోకే వచ్చాయి. బయటి తొడుగు కంటే లోపల గాజులు ఒకే గీత మీద కూర్చున్నాయా అనేది చాలా ముఖ్యం, అది చూడటానికి టెస్ట్ చార్ట్ ఏమీ అవసరం లేదు. కెమెరా పట్టుకొని షాపు గుమ్మంలోకి రా. రోడ్డు అవతల ఏదో ఒక బోర్డు మీద చిన్న అక్షరాల్లో ఫోన్ నంబర్ ఉంటుంది, కోఠిలో అలాంటి బోర్డులకు కొదవ లేదు. ఎఫ్ 2.8లో పెట్టు, షట్టర్ స్పీడ్ 1/1000 సెకను కంటే నెమ్మది కానివ్వకు. ముందు ఆ నంబర్ ఫ్రేమ్ మధ్యలో పడేలా ఒక ఫోటో తియ్యి. తర్వాత నువ్వు నిలబడ్డ చోటు నుంచి కదలకుండా, కెమెరా మాత్రమే తిప్పుతూ, అదే నంబర్ ఒక్కో మూలలో పడేలా నాలుగు తియ్యి, ప్రతిసారీ ఫోకస్ పాయింట్‌ను ఆ మూలకే జరిపి. జూమ్‌ను 24లో పెట్టి ఒకసారి, 70లో ఒకసారి, టైమ్ ఉంటే 50లో కూడా, ఎందుకంటే జూమ్ ఒక చివర బాగుండి ఇంకో చివర దెబ్బతిన్న లెన్సులు ఉంటాయి. నాలుగు మూలలూ ఒకేలా కొంచెం మసకగా వస్తే అది డిజైన్, దానికి భయపడకు. మూడు మూలల్లో అంకెలు స్పష్టంగా ఉండి నాలుగో దాంట్లో అలుక్కుపోయినట్టుంటే ఆ లెన్స్ వద్దు. మళ్లీ ఒకసారి తీసి చూడు, చెయ్యి కదిలి కూడా ఉండొచ్చు. రెండోసారీ అదే మూల అయితే ఇక ఆలోచించకు.

సర్వీస్ బెంచ్:
పైన చెప్పినదంతా కరెక్ట్. నేను రిపేర్ పని చేస్తాను కాబట్టి రెండు మాటలు కలుపుతున్నా. వెళ్లేటప్పుడు లెన్స్ ముందు బిగించే 82 ఎంఎం ఫిల్టర్ ఒకటి జేబులో వేసుకెళ్లు. దాన్ని లెన్స్ ముందువైపు మరలో పెట్టి రెండు వేళ్లతో తిప్పు. వెన్నలా తిరగాలి. ఒకచోట పట్టేస్తుంటే ఆ అంచు గుండ్రంగా లేదని, అంటే లెన్స్ ముందువైపు ఎక్కడో గట్టిగా తగిలిందని అర్థం. పైన గీత కూడా కనిపించకపోవచ్చు, కానీ ఆ దెబ్బ లోపలి గాజుల దాకా పోయి ఉండొచ్చు. తర్వాత వెనక మౌంట్ (కెమెరాకు తగిలించే రింగు) స్క్రూలు చూడు. తలల మీద గీతలు, చెక్కుకుపోయిన గుర్తులు ఉంటే ఎవరో విప్పి ఉండొచ్చు. విప్పడం తప్పు కాదు, కానీ కొన్నిచోట్ల గాజుల కింద కాగితం కంటే పల్చటి రింగులు ఉంటాయి, వాటిని మళ్లీ అదే కొలతలో పెట్టడం అందరివల్లా కాదు. ఎందుకు విప్పారో అడుగు.

ఫంగస్ (గాజుకు పట్టే బూజు) కోసం ఫోన్ టార్చ్ వెనక నుంచి కొట్టి, ముందు నుంచి ఏటవాలుగా చూడు. సాలెపోగుల్లాంటి సన్నటి దారాలు ఉంటే వదిలెయ్. నాలుగైదు దుమ్ము చుక్కలు ఫోటోలో కనబడవు.

నల్లకుంట వెడ్డింగ్స్:
పెళ్లి ఫోటోగ్రాఫర్ దగ్గర్నుంచి వచ్చిన లెన్స్ అయితే ముందు పసుపు చూడండి! జూమ్‌ను 70కి తిప్పితే గొట్టం ముందుకొస్తుంది కదా, అది లోపలికి వెళ్లే సందులో గోరు పెట్టి గీరండి. హల్దీ ఫంక్షన్లలో చల్లే పసుపు అక్కడే కూరుకుపోతుంది, ఈ జూమ్ బయటికీ లోపలికీ కదిలినప్పుడల్లా గాలిని పీలుస్తుంది, గాలితో పాటు పొడి కూడా వెళ్తుంది. నా మొదటి లెన్స్ అలాగే పోయింది. మంగళస్నానాల నీళ్లు, పసుపు కలిసి లోపలి గాజు మీద పచ్చటి పొర కట్టింది, ఆ పెళ్లి కూతురి ఫోటోలన్నీ మసకగా వచ్చాయి, వాళ్లమ్మకు ఆల్బమ్ ఇస్తుంటే నా చేతులు వణికాయి. మౌంట్ చుట్టూ ఉండే రబ్బరు రింగు చిరగకుండా ఉందో లేదో తప్పకుండా చూడండి. అది ఉన్నంత మాత్రాన నీళ్లలో తడపొచ్చని కాదు, తుంపర్లను, దుమ్మును కొంత ఆపుతుంది, అంతే.

ఇంకోటి, జూమ్ బిగువు మార్చే స్విచ్ ఉంటుంది, రెండు వైపులా వేసి చూడండి. టైట్‌లో పెట్టి నేలవైపు వంచినా గొట్టం దానంతటదే జారిందంటే లెన్స్ బాగా అరిగింది. బిల్లు మీద సీరియల్ నంబర్, లెన్స్ మీది నంబర్ ఒకటేనా చూసుకోండి.

ఉప్పల్ ఫోటోలు:
ఇవాళ వెళ్లొచ్చాను. ఆన్ చేశాక చప్పుడు ఆగింది, అక్కడికి ప్రాణం కుదుటపడింది. 24లో నాలుగు మూలలూ బాగానే ఉన్నాయి. 70లో కుడివైపు కింది మూలలో నంబర్‌లో 3, 8 తేడా తెలియలేదు, మూడుసార్లు తీసినా అంతే. ఫిల్టర్ కూడా సగం తిరిగి పట్టేసింది. షాపాయనకు స్క్రీన్ మీద చూపిస్తే ఆయన కూడా కాసేపు చూసి, వాదించకుండా లోపలి నుంచి ఇంకో పీస్ తెచ్చాడు, ఆరు వేలు ఎక్కువ. దానికి మూలలన్నీ సమానంగా ఉన్నాయి, ఫిల్టర్ సాఫీగా ఎక్కింది, కానీ మౌంట్ స్క్రూ ఒకదాని మీద చిన్న గీత ఉంది.

సర్వీస్ బెంచ్:
ఒక్క స్క్రూ మీద గీత అయితే బిగుతు చేసేటప్పుడు జారి ఉండొచ్చు. మూలలు సమానంగా వచ్చాయి కాబట్టి నేనైతే తీసుకుంటాను. బిల్లు మీద వారం రోజుల రిటర్న్ రాయించుకొని, ఆ వారంలో ఒక ఫంక్షన్ మొత్తం దాంతోనే తియ్యి.