“కరువు జీన్” ఉన్న చీనీ మొక్కలు నిజంగా ఉంటాయా?

చీనీ_కొత్తతోట:
మాది అనంతపురం జిల్లా. ఇన్నాళ్లూ వేరుశనగ వేసేవాళ్లం, ఈసారి నాలుగెకరాల్లో చీనీ పెడదామని నాన్న, నేను అనుకుంటున్నాం. బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి, ఎండాకాలం వచ్చేసరికి సగానికి పడిపోతాయి. మొన్న ఒక నర్సరీకి వెళ్తే అక్కడాయన “ఇవి కరువు జీన్ ఉన్న మొక్కలు, నీళ్లు తక్కువైనా ఏపుగా పెరుగుతాయి” అని రేటు రెండింతలు చెప్పాడు, కాగితం ఏదైనా ఉందా అంటే లేదన్నాడు. అసలు అలాంటి జీన్ అంటూ ఉందా? ఉంటే అది పెరుగుదలను కూడా పెంచుతుందా? తోట అంటే ఇరవై ఏళ్ల లెక్క కాబట్టి టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

మొక్కల_జన్యువులు:
ఆ రేటు ఇవ్వకండి. మన దేశంలో రైతులు చట్టప్రకారం సాగు చేసుకుంటున్న జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే, చీనీలో అలాంటిది లేదు. ఇంకో సంగతి, “నీళ్లు తక్కువైనా ఏపుగా” అన్న మాట దగ్గరే అనుమానించాలి, ఎందుకంటే చెట్టులో కరువును ఓర్చుకునే ఏర్పాటు, పెరుగుదలను ఆపే ఏర్పాటు చాలావరకు ఒకటే.

మట్టి ఆరిపోతే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది, దాన్ని తయారు చేయడంలో ఎన్‌సీఈడీ అనే జన్యువులది ముఖ్యమైన పాత్ర. ఆ హార్మోను ఆకు రంధ్రాలను మూయిస్తుంది. నీళ్లు ఆవిరైపోవడం తగ్గుతుంది, కానీ అదే రంధ్రంలోంచి రావాల్సిన కార్బన్ డయాక్సైడ్ కూడా రాదు, అంటే ఆకు వంట చేసుకోవడం తగ్గి చిగురు ఆగిపోతుంది. దీనికి తోడు డెల్లా అనే ప్రొటీన్లు ఉంటాయి, ఇవి పెరుగుదలకు బ్రేకు. జిబ్బరెల్లిన్ హార్మోను బాగా ఉన్నప్పుడు ఈ బ్రేకు వదులుతుంది, చలి, కరువు, ఉప్పు తగిలినప్పుడు జిబ్బరెల్లిన్ తగ్గి బ్రేకు పడుతుంది. చెట్టు తన ప్రాణం కాపాడుకోవడానికి తానే నెమ్మదిస్తుందన్న మాట.

దీన్ని పండ్ల చెట్టులోనే చేసి చూశారు. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో ప్రభుత్వ పండ్ల పరిశోధన కేంద్రం వాళ్లు పీచ్ చెట్టు నుంచి చలి ఓర్పుకి సంబంధించిన సీబీఎఫ్ అనే జన్యువు తీసి ఎం.26 అనే ఆపిల్ వేరుమూలంలో (అంటు కట్టడానికి కింద వేరుగా వాడే మొక్కలో) ఎక్కువగా పనిచేసేలా పెట్టారు, 2011లో ఫలితం ప్రచురించారు. గడ్డకట్టే చలిని ఆ చెట్టు బాగా తట్టుకుంది. కానీ మామూలుగా ఆపిల్ పగటి పొడవును పట్టించుకోకుండా చలి తగిలాకే నిద్రలోకి వెళ్తుంది, ఇది మాత్రం పగలు తగ్గగానే పెరగడం ఆపేసింది, తర్వాత పొలంలో పెట్టి చూస్తే చెట్లు చిన్నగానే ఉన్నాయి, మొగ్గలు ఆలస్యంగా విచ్చుకున్నాయి. చేర్చింది ఒక్క జన్యువునే, కదిలినవి మాత్రం చలి ఓర్పు, ఎత్తు, చిగురు, నిద్ర అన్నీ.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా పీచ్‌లోనే ఉంది. మెక్సికోలో దొరికిన ఒక రకం పీచ్ చలికాలంలో కూడా కొస చిగురు ఆపదు, పెరుగుతూనే ఉంటుంది. చూస్తే నిద్రకు సంబంధించిన డామ్ జన్యువులు ఆరు వరుసగా ఉండాల్సిన చోట ఒక ముక్క ఎగిరిపోయింది. గట్టి చలి ఉన్న చోట ఆ లేత చిగురు మాడిపోతుంది. ఎప్పుడూ పెరగడమే మంచిది అనుకునేవాళ్లకి నేను ముందు ఈ చెట్టు గురించే చెప్తాను.

నల్గొండ_బత్తాయి:
తమ్ముడూ, మాది నల్గొండ వైపు, బత్తాయి పెట్టి చాలా ఏళ్లయింది. పైన అన్న చెప్పిన సైన్సు బాగుంది గానీ నువ్వు నర్సరీలో అడగాల్సింది జీన్ పేరు కాదు, అంటు దేని మీద కట్టారని. పైన ఉండేది ఎలాగూ సాత్‌గుడే, మీరు చీనీ అనేది, మేము బత్తాయి అనేది అదే. కింద వేరు జంబేరిదా, రంగపూర్ నిమ్మదా అన్నదే అసలు ప్రశ్న. జంబేరి మీద కట్టింది మొదట్లో ఏపుగా పోతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ బంక తెగులుకి తొందరగా లొంగుతుంది, నీళ్లు నిలిచే నేలలో అసలే వద్దు. రంగపూర్ కరువుకి, ఉప్పుకి, బంక తెగులుకి దానికన్నా నయం. మన రెండు రాష్ట్రాల్లో సాత్‌గుడికి రంగపూర్ వేరుమూలమే సిఫారసు చేస్తారు. మీ నీళ్లు ఉప్పు అంటున్నావు కాబట్టి నేనైతే రెండో ఆలోచన చేయను.

చీనీ_కొత్తతోట:
థాంక్స్ అన్నా. ఒక అనుమానం, వేరు రంగపూర్ నిమ్మది అయితే దాని జీన్స్ పైకి వచ్చి కాయ పులుపెక్కదా?

మొక్కల_జన్యువులు:
ఎక్కదు. అంటు దగ్గర రెండు ప్రాణాలు అతుక్కుంటాయి గానీ జన్యువులు కలిసిపోవు, కాయలో ఉండే కణం పూర్తిగా సాత్‌గుడిదే. వేరుమూలాన్ని బట్టి రసంలో తీపి, కాయ సైజు కొంత మారతాయి, కానీ నిమ్మ రుచి రాదు. వేరు నుంచి పైకి వెళ్లేవి నీళ్లు, ఖనిజాలు, హార్మోన్లు, కొన్ని చిన్న ఆర్‌ఎన్‌ఏలు. ఉప్పు సంగతే తీసుకోండి, నిమ్మజాతిని ఎక్కువగా దెబ్బతీసేది క్లోరైడ్. రంగపూర్, క్లియోపాత్రా కమలా లాంటి వేరుమూలాలు క్లోరైడ్‌ను చాలావరకు వేర్ల దగ్గరే ఆపి ఆకులోకి తక్కువ పంపుతాయి, కారిజో లాంటివి పంపేస్తాయి. ఆ తేడా వేర్ల కణాల్లో క్లోరైడ్‌ను మోసే ప్రొటీన్లది, అంటే వాటి జన్యువులది. ఆకు సాత్‌గుడిదే, దాన్ని కాపాడేది మాత్రం రంగపూర్ జన్యువులు. పండ్ల చెట్లలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే: వరిలో అన్ని మంచి గుణాలూ ఒకే మొక్కలోకి తేవాలి, ఇక్కడ ఓర్పుకి ఒక చెట్టు, పండుకి ఒక చెట్టు.

ఇంకో ఆసక్తికరమైన విషయం, 2018లో వచ్చిన నిమ్మజాతి జీనోమ్ అధ్యయనం ప్రకారం రంగపూర్ నిమ్మ, జంబేరి రెండూ కమలా జాతికి, మాదీఫలానికి పుట్టిన సంకరాలే. ఇద్దరి కమలా తల్లులు మాత్రం వేరు. దాయాదులైనా గుణాలు చూడండి ఎంత తేడానో.

అయితే రంగపూర్ అన్నిటికీ మందు అనుకోకండి. బ్రెజిల్‌లో ట్రిస్టెజా వైరస్ వచ్చి పుల్లనారింజ వేరుమూలం మీది తోటలు పోయాక వాళ్లు ఎక్కువగా రంగపూర్‌కే మారారు, కరువు తట్టుకుంటుందని. 2000 ప్రాంతంలో అక్కడ ఆకస్మిక మరణం అనే కొత్త జబ్బు వచ్చి సరిగ్గా రంగపూర్ మీది చెట్లనే చంపింది. ఒక కష్టాన్ని ఓర్చుకునే జన్యువులు ఇంకో కష్టానికి పనికొస్తాయని లేదు.

మామిడి_నూజివీడు:
మధ్యలో అడుగుతున్నా, మేము మామిడికి పూత కోసం వాడే కల్టార్ మందు కూడా ఈ బ్రేకు లెక్కేనా?

మొక్కల_జన్యువులు:
అవునండీ. అందులో ఉండే పాక్లోబ్యూట్రజోల్ చెట్టు జిబ్బరెల్లిన్ తయారు చేసుకోకుండా అడ్డుపడుతుంది, డెల్లా బ్రేకు పడే ఉంటుంది, కొమ్మ పొడవు తగ్గి పూతకు వస్తుంది. మందుతో మనం చేసేదాన్ని కొన్ని చెట్లలో ఒక మ్యుటేషనే, అంటే జన్యువుల్లో దానంతట వచ్చిన మార్పే, చేసేసింది. 1960లలో కెనడాలో ఒక మెకింతోష్ ఆపిల్ చెట్టుకి పక్క కొమ్మలు పెద్దగా లేకుండా స్తంభంలా పెరిగిన కొమ్మ కనబడింది. పదో క్రోమోజోములో ఒక డీఎన్‌ఏ ముక్క వచ్చి దూరడం వల్ల పక్కనున్న జన్యువు ఉండకూడని చోట మేలుకుని జిబ్బరెల్లిన్‌ను తగ్గిస్తోందని తర్వాత తేలింది. అలాగే ఒక పొట్టి పీచ్‌లో జిబ్బరెల్లిన్‌ను గుర్తించే జన్యువే చెడిపోయి ఉంది. మీ తోటకొస్తే, నీళ్లు లేక ఇప్పటికే నీరసంగా ఉన్న చెట్టుకి కల్టార్ పోయకండి, బ్రేకు మీద బ్రేకు అవుతుంది.

వరి_నుంచి_వచ్చా:
2025 మేలో జీన్ ఎడిటింగ్ (మొక్క సొంత జన్యువునే మార్చే పద్ధతి) వరి రెండు రకాలు ప్రకటించారు కదా, అందులో ఒకటి మన కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010) లో డీఎస్‌టీ అనే జన్యువును మార్చి కరువు, ఉప్పు తట్టుకునేలా చేసింది. చీనీలో అది ఎందుకు రాదు?

మొక్కల_జన్యువులు:
రాదని కాదు, నెమ్మది. ఆ డీఎస్‌టీ కూడా ఓర్పుకి అడ్డుపడే జన్యువే, దాన్ని పనిచేయకుండా చేస్తే ఆకు రంధ్రాలు తగ్గి నీళ్లు ఆదా అవుతాయి. వరిలో అయితే కొన్ని నెలల్లో గింజ చేతికొస్తుంది, ఏడాదిలో రెండు తరాలు చూడొచ్చు. గింజ నుంచి వచ్చిన నారింజ మొక్క కాయడానికే ఏళ్లు పడుతుంది, ఆ తర్వాత పదేళ్లు కరువులో నిలుస్తుందో లేదో చూడకుండా రైతు చేతికి ఇవ్వడం తప్పు. నా అభిప్రాయంలో ఎడిటింగ్ ముందు వేరుమూలంలో చేయాలి, పండు జోలికి పోకుండా.

నల్గొండ_బత్తాయి:
అప్పటిదాకా మొక్కలు ఎంచుకోవడం చూసుకో తమ్ముడూ. నర్సరీ మడిలో ఒకే వయసు మొక్కల్లో మరీ పొట్టివి, మరీ ఏపైనవి పక్కన పెట్టించు, మధ్యవే తీసుకో.

మొక్కల_జన్యువులు:
ఇది చాలా ముఖ్యమైన మాట. రంగపూర్ గింజలో ఎక్కువ పిండాలు తల్లి కణాల నుంచే వస్తాయి, అంటే అచ్చం తల్లిలాంటివే. దాని వెనకున్న జన్యువును, సిట్‌ఆర్‌డబ్ల్యూపీ అంటారు, 2017లో పట్టుకున్నారు. కానీ కొన్ని మొక్కలు పరాగసంపర్కంతో పుట్టినవి ఉంటాయి, మిగతావాటికి భిన్నంగా కనబడేవి చాలాసార్లు అవే, వాటికి తల్లి ఓర్పు ఉంటుందన్న నమ్మకం లేదు. ఇంకో పని, మొక్కలు కొనేముందు బోరు నీళ్లు, మట్టి రెండూ పరీక్ష చేయించండి. మట్టి నుంచి తీసిన ద్రావణంలో ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత) మీటరుకు 1.7 డెసీసీమెన్స్ దాటితే నారింజ దిగుబడి తగ్గడం మొదలవుతుంది, వేరుమూలం ఏదైనా అంతకు బాగా పైకి పోతే కష్టమే. నీళ్ల రిపోర్టులో క్లోరైడ్ అంకె విడిగా అడగండి, చాలా చోట్ల అడిగితేనే రాస్తారు.

చీనీ_కొత్తతోట:
సరే అన్నా, శాంపిల్ ఈ వారమే ఇస్తాను. ఆ నర్సరీ వాళ్లు అంటు రంగపూర్ మీదే అంటే ఎలా నమ్మాలి?

నల్గొండ_బత్తాయి:
గింజ తీసిన తల్లి చెట్టు చూపించమను. రంగపూర్ కాయ పండితే కమలాలాగా నారింజ రంగులో ఉంటుంది, తొక్క సులువుగా వస్తుంది, రసం మాత్రం బాగా పులుపు. జంబేరి కాయ పసుపు, తొక్క గరుకు. చెట్టు చూపించనివాడి దగ్గర కొనకు.