కెనడా పీఆర్ (శాశ్వత నివాసం): తమ్ముడికి జాబ్ ఆఫర్ కొనడానికి నాన్న స్థలం అమ్ముతానంటున్నారు

పటమట అక్క:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, పటమట. మా తమ్ముడు కెనడాలోని బ్రాంప్టన్‌లో ఉంటాడు. ఇక్కడ జేఎన్‌టీయూ కాకినాడ కింద బీటెక్ చేసి వెళ్లి, ఆంటారియోలో రెండేళ్ల సప్లై చెయిన్ డిప్లొమా చదివాడు. 2024లో చదువు అయ్యాక మూడేళ్ల వర్క్ పర్మిట్ వచ్చింది. అది 2027 జూన్ వరకే ఉంది. వయసు 28, ఇంకా పెళ్లి కాలేదు.

మొదట్లో ఒక గోడౌన్‌లో లోడింగ్, ప్యాకింగ్ పని చేశాడు. 2025 జనవరి నుంచి అక్కడే సూపర్‌వైజర్. షిఫ్టులు వేయడం, ట్రక్కుల షెడ్యూల్ చూడటం, స్టాకు లెక్కలు, అన్నీ వాడి మీదే. పోయినేడు ఐఈఎల్‌టీఎస్ జనరల్ రాస్తే లిజనింగ్ 8, రీడింగ్ 7, స్పీకింగ్ 7, రైటింగ్ 6.5 వచ్చాయి.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కన్సల్టెన్సీకి నాన్నగారు వెళ్లొచ్చారు. "మీవాడి స్కోరు 405. దీనికి పీఆర్ రాదు. ఎల్‌ఎంఐఏతో (విదేశీ ఉద్యోగిని పెట్టుకోవడానికి యజమానికి కెనడా ప్రభుత్వం ఇచ్చే అనుమతి) జాబ్ ఆఫర్ పెడితే 50 పాయింట్లు కలుస్తాయి. 18 లక్షలవుతుంది. సగం ఇప్పుడు, సగం కాగితాలు వచ్చాక" అన్నారట. ఆ కంపెనీ ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉందట. తమ్ముడు అక్కడికి వెళ్లి పని చేయక్కర్లేదు, కాగితం మీద ఉంటే చాలు అని కూడా చెప్పారట. ఆ మాట దగ్గరే నాకు భయం మొదలైంది.

నాన్నగారు ఆర్టీసీలో రిటైరయ్యారు. కంకిపాడు దగ్గర నాలుగు సెంట్ల స్థలం ఉంది, అది అమ్మేద్దామంటున్నారు. బేరం కూడా వచ్చింది. అమ్మ ఏమీ మాట్లాడటం లేదు. నేను బ్యాంకులో గోల్డ్ లోన్ల దగ్గర పని చేస్తాను. పిల్లల్ని బయటి దేశాలకు పంపడానికి గాజులూ హారాలూ తెచ్చి తక్కెడలో పెట్టే తల్లుల్ని రోజూ చూస్తుంటాను. వాటిలో కొన్ని మళ్లీ విడిపించుకోవడానికి ఎవరూ రారు. మా ఇంట్లో అలా కాకూడదని అడుగుతున్నాను.

జాబ్ ఆఫర్‌కు నిజంగా ఇంకా పాయింట్లు ఇస్తున్నారా? తమ్ముడేమో "2021లో 75 స్కోరుకే ఇచ్చారు, మళ్లీ తగ్గుతుందిలే అక్కా" అంటాడు. వాడి మాట నమ్మి ఊరుకోవచ్చా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. ఈ వారంలో అడ్వాన్సు ఇవ్వాలంటున్నారు.

తెనాలి టు బ్రాండన్:

అక్కా, నాన్నగారిని అడ్వాన్సు ఇవ్వవద్దని ఇవాళే చెప్పండి. 2025 మార్చి 25 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో, అంటే స్కోరును బట్టి పీఆర్‌కు పిలిచే పద్ధతిలో, జాబ్ ఆఫర్‌కు పాయింట్లు లేవు. అంతకుముందు మామూలు ఉద్యోగాలకు 50, పెద్ద మేనేజర్ పోస్టులకు 200 ఉండేవి. ఎల్‌ఎంఐఏలు అమ్ముకోవడం, కొనుక్కోవడం ఎక్కువైందనే కారణంతో వాటిని తీసేస్తామని అప్పటి మంత్రి మార్క్ మిల్లర్ 2024 డిసెంబర్‌లోనే ప్రకటించారు. మీ నాన్నగారికి అమ్మజూపుతున్నది ఇప్పుడు లేని సరుకు. 18 లక్షలు పోసినా స్కోరు 405 దగ్గరే ఉంటుంది.

ఇంకో సంగతి. ఎల్‌ఎంఐఏకు కెనడా ప్రభుత్వం తీసుకునే ఫీజు 1,000 డాలర్లు. దాన్ని యజమానే కట్టాలి, ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదు. పని చేయకుండా చేసినట్టు కాగితాలు పెడితే అది అబద్ధపు సమాచారం కిందికి వస్తుంది. దొరికితే అయిదేళ్లు కెనడాలోకి రానివ్వరు, పీఆర్‌కు పెట్టుకోనివ్వరు. అప్పుడు కష్టపడేది ఏజెంటు కాదు, మీ తమ్ముడు.

ఇప్పుడు ఆ 405 సంగతి. నేను కూర్చుని లెక్కేశాను. వయసుకు 110, రెండేళ్ల డిప్లొమాకు 98, ఇంగ్లిష్‌కు 116, కెనడాలో ఏడాది అనుభవానికి 40, ఇక్కడ చదివినందుకు 15. చదువును ఇంగ్లిష్‌తో కలిపి 13, అనుభవంతో కలిపి ఇంకో 13. సరిగ్గా 405. మరి వాడి బీటెక్ ఏమైంది? నాలుగేళ్ల చదువును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అంటే ఈసీఏ చేయించలేదన్నమాట. మన డిగ్రీ కెనడా డిగ్రీకి సమానమని వెస్ లాంటి సంస్థ ఇచ్చే రిపోర్టు అది. అది వస్తే చదువు పాయింట్లు 98 నుంచి 128 అవుతాయి, ఆ రెండు 13లు చెరో 25 అవుతాయి. మొత్తం 459. ఏజెంటు 18 లక్షలకు ఇస్తానన్న 50 కన్నా ఎక్కువే, అదీ మీ ఇంట్లో ఉన్న డిగ్రీతోనే.

తర్వాత రైటింగ్. 6.5ను 7 చేసుకుంటే నాలుగు విభాగాల్లోనూ సీఎల్‌బీ (కెనడా వాడే భాషా స్థాయి) 9 వస్తుంది. రైటింగ్‌కు 8 పాయింట్లు పెరుగుతాయి. చదువుతో కలిపి ఇచ్చేవి అన్నీ కలిసి 50 దాటవు, ఆ రెండు 25లతోనే అవి నిండిపోయాయి. అర బ్యాండుకు 8 పాయింట్లే. స్కోరు 467. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో మనవాళ్లు చాలామంది 6.5 దగ్గరే ఆగిపోతారు. సెల్‌పిప్ అనే కెనడా ఇంగ్లిష్ పరీక్ష కూడా రాసి చూడమనండి, అది మొత్తం కంప్యూటర్ మీదే, బ్రాంప్టన్ చుట్టుపక్కల సెంటర్లు బోలెడు.

సూపర్‌వైజర్‌గా రెండో ఏడాది కూడా పూర్తయితే అనుభవం 40 నుంచి 53. అప్పుడు 480. 2027 జనవరికి రెండేళ్లు నిండుతాయి, పర్మిట్ జూన్ వరకు ఉంది. గడువు తక్కువే, కానీ ఉంది. 2025లో కెనడా అనుభవం ఉన్నవాళ్ల డ్రాలు, అంటే స్కోరు ప్రకారం పిలిచే విడతలు, ఎక్కువగా 515 నుంచి 550 మధ్య నడిచాయి. కాబట్టి 480 ఒక్కటే ఆ డ్రాలకు చాలదు, ఇంకా పాయింట్లు కూడబెట్టుకోవాలి. 30 నిండిన దగ్గర్నుంచి వయసు పాయింట్లు ఏటా తగ్గుతాయి, అది కూడా గుర్తుంచుకోవాలి.

75 స్కోరు కోసం ఎదురుచూడవద్దనండి. అది 2021 ఫిబ్రవరి 13న జరిగిన ఒక్క డ్రా. కోవిడ్‌తో సరిహద్దులు మూసి ఉన్నాయి, బయటి నుంచి మనుషులు రాలేరు, ఏడాది లక్ష్యం చేరాలి. అందుకని లోపల ఉన్న 27,332 మందిని ఒకేసారి పిలిచారు. ఇప్పుడు పరిస్థితి తలకిందులైంది. 2025కు 5 లక్షల మందిని తీసుకుంటామన్న ప్రభుత్వమే దాన్ని 3,95,000కు దించింది. 2026 నుంచి 2028 వరకు ఏటా 3,80,000 అని కొత్త ప్లాన్‌లో ఉంది.

లక్ష్మీపురం:

పై అన్న చెప్పిన పాయింట్ల మాట కరెక్టే. కానీ ఎల్‌ఎంఐఏ దేనికీ పనికిరాదు అనుకోవద్దు. పాయింట్లు పోయాయి కానీ వర్క్ పర్మిట్‌కు అది ఇప్పటికీ దారే. మా బావమరిదికి పర్మిట్ అయిపోతున్న టైంలో వాడు పని చేస్తున్న కంపెనీయే అప్లై చేసి నిలబెట్టింది. తమ్ముడిని వాళ్ల యజమానితో ముందే మాట్లాడమనండి. పర్మిట్ ఆఖరి నెలలో అడిగితే ఎవరూ చేయలేరు.

తెనాలి టు బ్రాండన్:

ఒప్పుకుంటానండి. నిజంగా పని ఇస్తున్న యజమాని, తన డబ్బుతో, తన అవసరం కోసం చేస్తే అది సరైన పద్ధతే. నేను వద్దన్నది కాగితం మీద మాత్రమే ఉండే కంపెనీని.

గుంటూరు నర్సు:

అక్కా, నేను అరండల్‌పేటలో ఉంటాను. ఇక్కడి ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. పీఆర్ కోసం ఫ్రెంచ్ నేర్చుకుంటున్నాను. ఊళ్లో నేర్పేవాళ్లు దొరకలేదు, పాండిచ్చేరి మేడం ఒకావిడ ఆన్‌లైన్‌లో చెబుతారు. నైట్ డ్యూటీ లేని రోజుల్లో తెల్లవారుజామున క్లాసు.

ఎందుకంటే 2023 నుంచి కెనడా అందర్నీ ఒకే వరసలో కాకుండా విడివిడిగా కూడా పిలవడం మొదలుపెట్టింది. ఆరోగ్య రంగం వాళ్లకు వేరే డ్రా, ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు వేరే డ్రా, ఇలా పిలుస్తోంది. 2025 మార్చిలో ఫ్రెంచ్ డ్రా కటాఫ్ 379. అదే ఏడాది కెనడా అనుభవం డ్రాలు ఎక్కడున్నాయో అన్న చెప్పారు కదా. నాలుగు విభాగాల్లో ఫ్రెంచ్ 7వ స్థాయి తెచ్చుకుంటే, ఇంగ్లిష్ కూడా ఉన్నవాళ్లకు విడిగా 50 పాయింట్లు కూడా కలుస్తాయి. మీ తమ్ముడు ఈసీఏ ఒక్కటి చేయించుకుని ఈ 50 కలుపుకున్నా 509 అవుతుంది.

అయితే అది బీ2 స్థాయి, అంటే బాగానే మాట్లాడి రాయగలగాలి. తేలిక అని చెప్పను. వినడం దగ్గర నేను ఇంకా కష్టపడుతున్నాను, వాళ్లు రెండు మాటలు కలిపేసి పలుకుతారు. షిఫ్టులు చేసే మనిషికి ఏడాదికి పైనే పడుతుంది. అందుకే ముందు రైటింగ్ పని చూసుకోమనండి. దానితో పాటు ఫ్రెంచ్ ఇవాళే మొదలుపెడితే 2027కు పనికొస్తుంది. వచ్చే ఏడాది మొదలుపెడితే రాదు.

పటమట అక్క:

మీ అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి తమ్ముడితో మాట్లాడాను. ఈసీఏ గురించి అడిగితే, కెనడాలో చదివితే అది అక్కర్లేదని కన్సల్టెన్సీవాళ్లు చెప్పారన్నాడు. ఈ లెక్క అంతా కాగితం మీద రాసి నాన్నగారికి చూపించాను. ఆయన సర్వీసంతా టికెట్ల డబ్బు లెక్క చూసిన మనిషి, మూడుసార్లు కూడి చూసుకున్నారు. తర్వాత స్థలం బేరానికి వచ్చినాయనకు ఫోన్ చేసి ఇప్పుడు అమ్మడం లేదని చెప్పేశారు. అమ్మ అప్పుడు మాట్లాడింది, "వాడు తిన్నాడో లేదో అడిగావా" అంది.

రెండు ప్రశ్నలు. ఒకటి, గోడౌన్‌లో లోడింగ్ చేసిన నెలలు కూడా అనుభవంలో కలుస్తాయా? రెండు, కాకినాడ నుంచి మార్కుల కాగితాలు పంపించడానికి నేను ఏం చేయాలి?

ఏలూరు రోడ్:

రెండోదానికి నేను చెబుతాను, మా చెల్లెలికి పోయినేడు చేయించాను. ముందు మీ తమ్ముడు వెస్‌లో అకౌంట్ తెరవాలి, ఒక రిఫరెన్స్ నంబర్ వస్తుంది. ట్రాన్‌స్క్రిప్ట్‌ల దరఖాస్తులో ఆ నంబర్ తప్పకుండా ఉండాలి. యూనివర్సిటీయే నేరుగా పంపాలి, మీరు తెచ్చుకుని కొరియర్ చేస్తే తీసుకోరు. అన్ని సెమిస్టర్ల మార్కుల మెమోలు, ఒరిజినల్ డిగ్రీ స్కాన్ చేసి దగ్గర పెట్టుకోండి. కాన్వొకేషన్ సర్టిఫికెట్ ఇంకా తీసుకోకపోతే ముందు దానికి పెట్టండి, ఆలస్యమయ్యేది అక్కడే. పాస్‌పోర్టులో పేరు, మెమోలో పేరు ఒకటేనా చూసుకోండి. మనవాళ్లకు ఇంటిపేరు దగ్గరే తేడా వస్తుంది.

తెనాలి టు బ్రాండన్:

మొదటిదానికి: కలవవు అక్కా. కెనడాలో ఉద్యోగాలకు టీర్ అని 0 నుంచి 5 వరకు వరస ఉంటుంది. కెనడా అనుభవం కింద 0, 1, 2, 3 మాత్రమే లెక్క. గోడౌన్ లోడింగ్ 5 కిందికి వస్తుంది. సప్లై చెయిన్ సూపర్‌వైజర్ 2, కోడ్ 12013. కాబట్టి 2025 జనవరి నుంచే లెక్కపెట్టాలి, వారానికి 30 గంటలు, ఏడాదికి 1,560 గంటలు ఉండాలి.

ఇక్కడ పేరు కన్నా చేసే పని ముఖ్యం. సూపర్‌వైజర్ అని పిలుస్తూ రోజంతా పెట్టెలు మోయిస్తే ఆ కోడ్ చెల్లదు. మీరు రాసినట్టు షిఫ్టులు, షెడ్యూల్, స్టాకు నిజంగా వాడే చూస్తుంటే ఆ పనులన్నీ వివరంగా రాసి, జీతం, గంటలు, తేదీలతో కంపెనీ లెటర్‌హెడ్ మీద ఇప్పుడే ఒక ఉత్తరం తీసుకోమనండి. మేనేజర్ మారిపోయాక ఆ ఉత్తరం కోసం తిరగాల్సి వస్తుంది. పే స్లిప్పులు, టీ4లు (ఏడాది జీతం, పన్ను చూపే కాగితాలు) ఒక్కటి కూడా పారేయవద్దనండి.

పిలుపు వస్తే దరఖాస్తు పెట్టడానికి 60 రోజులు ఇస్తారు. అది పెట్టి, అందినట్టు కాగితం వచ్చాక, పర్మిట్ అయిపోయేలోపు బ్రిడ్జింగ్ వర్క్ పర్మిట్‌కు, అంటే పీఆర్ తేలేదాకా పని చేసుకోనిచ్చే పర్మిట్‌కు, పెట్టుకోవచ్చు. ప్రభుత్వ ఫీజులు మన డబ్బుల్లో లక్ష రూపాయల చుట్టుపక్కల అవుతాయి. నిపుణుల సలహా కావాలనుకుంటే కెనడాలో లైసెన్సు ఉన్న ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్ల జాబితా, వాళ్లకు లైసెన్సులు ఇచ్చే సంస్థ (దాన్ని కాలేజ్ అంటారు) వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తుంది. వాళ్ల లైసెన్సు నంబర్ ఆర్ (R) అక్షరంతో మొదలవుతుంది. బెంజ్ సర్కిల్ ఆయన్ని ఆ నంబర్ అడగండి.

ఇవేవీ కుదరకపోతే బ్రాంప్టన్ వదిలి రావడానికి వాడు సిద్ధమేనా అని కూడా అడిగి ఉంచండి. 2025లో మొదలైన గ్రామీణ పైలట్‌లో (చిన్న ఊళ్ల కోసం పెట్టిన ప్రయోగాత్మక పీఆర్ పథకం) మా బ్రాండన్‌తో పాటు సడ్‌బరీ, థండర్ బే, మూస్ జా లాంటి ఊళ్లున్నాయి. అక్కడ గుర్తింపు ఉన్న యజమాని దగ్గర నిజమైన ఉద్యోగం దొరికితే ఆ ఊరే సిఫారసు చేస్తుంది. చలి ఎక్కువే, మనవాళ్లు తక్కువే. ఇటు రావాలనుకుంటే నాకు ఇక్కడే రాయమనండి, గోడౌన్ల వివరాలు నేను కనుక్కుని చెబుతాను.