నమూనా ఫిర్యాదు ఎక్కడ మొదలుపెట్టాలి? మానవ హక్కుల చట్టం చదివినవారి అనుభవాలు కావాలి

కొత్త విద్యార్థి:
అంతర్జాతీయ మానవ హక్కుల చట్టంలో పీజీ చేస్తున్నాను. 1948 నాటి సార్వజనీన ప్రకటన మొదలుకొని 1966 నాటి రెండు ఒడంబడికల దాకా అధికరణాలు కంఠతా వచ్చాయి గానీ, విచారణ లేకుండా నిర్బంధంలో ఉన్న వ్యక్తి తరఫున నమూనా ఫిర్యాదు రాయమనేసరికి మొదటి పేరా దగ్గరే చేయి ఆగిపోయింది. ఈ పనిలో ఉన్నవారు ఎక్కడి నుంచి మొదలుపెడతారు?

రాత్రి చదువరి:
నా మొదటి ముసాయిదాలో పదకొండు పేజీల నిండా అధికరణాలే ఉండేవి. మా సీనియర్ దాని అంచున పెన్సిల్‌తో ఒకే ప్రశ్న రాసి తిప్పి పంపారు: "ఎన్ని గంటలకు పట్టుకెళ్లారు, జడ్జి ముందుకు ఎప్పుడు తెచ్చారు?" నా దగ్గర జవాబు లేదు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలోని 9వ అధికరణం నేరారోపణపై అరెస్టయిన వ్యక్తిని సత్వరమే హాజరుపరచాలంటుంది. ఆ సత్వరానికి సాధారణంగా 48 గంటలు చాలునని ఆ ఒడంబడిక అమలును పర్యవేక్షించే ఐరాస మానవ హక్కుల కమిటీ 2014లో ఇచ్చిన 35వ సాధారణ వ్యాఖ్యలో చెప్పింది కనుక, గంటల లెక్క తేలకుండా వాదన నిలబడదు. అప్పటి నుంచి కాగితం మధ్యలో గీత గీసి, ఒకవైపు తేదీ, సమయం, రెండోవైపు వాటికి రుజువు రాసుకున్నాకే చట్టం పుస్తకం తెరుస్తున్నాను.

గడప దాటినవాడు:
దానికన్నా ముందు విచారణార్హత, అంటే ఫిర్యాదును అసలు విచారణకు తీసుకుంటారా లేదా అన్నది చూడండి. కమిటీకి వ్యక్తిగత ఫిర్యాదు వెళ్లాలంటే ఆ దేశం ఒడంబడికకు అనుబంధమైన మొదటి ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో చేరి ఉండాలి, స్వదేశంలోని న్యాయమార్గాలన్నీ అయిపోయి ఉండాలి. అవి అకారణంగా సాగుతుంటే మాత్రం మినహాయింపు ఉంది. ఏకపక్ష నిర్బంధాలపై 1991లో ఏర్పడిన ఐరాస కార్యబృందానికి ఈ రెండు షరతులూ లేవు. తలుపు తప్పితే ఎంత మంచి ఫిర్యాదైనా వాకిట్లోనే ఆగుతుంది.

సందేహి:
కమిటీ అభిప్రాయాన్ని బలవంతంగా అమలు చేయించే యంత్రాంగమే లేనప్పుడు ఇంత శ్రమ దేనికని నాకు అనిపిస్తుంది.

రాత్రి చదువరి:
ఆ మాటలో నిజం ఉంది, కానీ సగమే. టూనెన్ కేసులో, పురుషుల స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన ఆస్ట్రేలియా రాష్ట్రం టాస్మేనియా చట్టాలు గోప్యత హక్కును ఉల్లంఘిస్తున్నాయని కమిటీ 1994లో తేల్చింది. ఆ ఏడాదే ఆస్ట్రేలియా సమాఖ్య పార్లమెంటు ఆ గోప్యతను కాపాడే చట్టం చేసింది, టాస్మేనియా 1997లో ఆ నిబంధనలను రద్దు చేసింది. కమిటీ కాగితం ఒక్కటే ఆ పని చేయలేదు, దాన్ని చేతపట్టుకొని స్వదేశంలో పోరాడినవారు ఉన్నారు.

కొత్త విద్యార్థి:
నా నమూనా కేసులోని దేశం ప్రోటోకాల్‌లో చేరలేదు కాబట్టి కార్యబృందానికే రాస్తాను. అయితే వాంగ్మూలంలో అరెస్టు సమయం "తెల్లవారుజామున" అని మాత్రమే ఉంది. ఇది చాలుతుందా?

గడప దాటినవాడు:
చాలదు. అలాగని "సరిగ్గా ఎన్ని గంటలకు?" అని గుచ్చి అడిగితే, భయంలో ఉన్న మనిషి నోటికొచ్చిన అంకె చెబుతాడు, ఆనక అదే కేసును దెబ్బతీస్తుంది. బయట వెలుతురు వచ్చిందా, ఇంట్లో ఎవరెవరు లేచి ఉన్నారు, తీసుకెళ్లిన వెంటనే ఎవరికి ఫోన్ చేశారు అని అడగండి. ఆ కాల్ సమయం ఫోన్‌లోనే ఉంటుంది.