కొండ నడకకు వచ్చేవారు అడవిలో వండుకోవాలా, అంచు పల్లెలో తినాలా? (కలం పేర్లతో రాసినవారి చర్చ)

అరణి ఒడ్డు:

ఈశాన్య వానలకు వాగులు నిండుగా పారే కార్తీకం నుంచి మాఘం దాకా తిరుపతి చుట్టుపక్కల ఉన్న నాగలాపురం కొండలకు, తలకోనకు, కైలాసకోనకు, ఉబ్బలమడుగుకు నడక కోసం జనం వస్తారు. చెన్నై దగ్గర కావడం వల్ల నాగలాపురం వైపు మరీ ఎక్కువ. రావడం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. నా గొడవంతా పొయ్యి గురించి. పోయిన ఆదివారం నేను వెళ్లిన కోనలో మొదటి మడుగుకూ రెండవ మడుగుకూ మధ్యలోనే నాలుగు చోట్ల మూడు రాళ్ల పొయ్యిలు కనిపించాయి. బండలు మసిబారి ఉన్నాయి, సగం కాలిన కట్టెలు అలాగే పడి ఉన్నాయి, మసాలా పొట్లాలు రాళ్ల సందుల్లో ఇరుక్కున్నాయి. బిర్యానీ గిన్నె కడిగిన చోట నీటిమీద నూనె తెట్టు కట్టి, దాని కింద చేపపిల్లలు తిరుగుతున్నాయి.

తలకోన ఉన్న శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం 1989లో ఏర్పడింది, విస్తీర్ణం 353 చదరపు కిలోమీటర్లు. అందులో అడవికి ప్రమాదం కలిగేలా నిప్పు రాజేయడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే నిషేధించింది. చాలామంది దీన్ని ఎవరో బోర్డు మీద రాసిన మర్యాద మాటగా చూస్తున్నారు. 2014 మార్చిలో శేషాచలం అడవి అంటుకున్నప్పుడు మంటలు ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావలసి వచ్చిన సంగతి తిరుపతిలో ఉన్న వాళ్లెవరూ మరిచిపోయి ఉండరు.

నా ప్రతిపాదన ఇది: నడకకు అనుమతి తీసుకునేటప్పుడే అడవి అంచున ఉన్న పల్లెలో భోజనానికి కూడా డబ్బు కట్టించుకోవాలి, అది తప్పనిసరి కావాలి. అడవిలో పొయ్యి వెలగదు, పల్లెకు నాలుగు రూపాయలు వస్తాయి. దీన్ని కాదనేవారు కారణం చెప్పండి.

ఆదివారం నడక:

పొయ్యి వద్దన్న మాటతో నాకు పేచీ లేదు, ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను. కొన్నేళ్ల కిందట మా బృందం ఒక కోనలో రాత్రి నూడుల్స్ ఉడికించుకుని, పొయ్యి మీద రెండు బిందెల నీళ్లు పోసి, ఆరిపోయిందని తృప్తిగా పడుకుంది. తెల్లవారి లేచి చూస్తే పొయ్యికి మూరెడు దూరంలో, వెదురాకు కింద నుంచి సన్నగా పొగ వస్తోంది. పైన తడిగానే ఉంది, అడుగున వేళ్ల వెంబడి నిప్పు పాకింది. అది మాఘమాసం కాబట్టి సరిపోయింది, అదే చైత్రమై బోదగడ్డి ఎండి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ తరువాత నేను అగ్గిపెట్టె కూడా సంచిలో పెట్టుకోవడం లేదు.

అయితే 'తప్పనిసరి భోజనం' అన్న మాటను మాత్రం ఒప్పుకోను. మొదటి సంగతి, వేళ కుదరదు. ఉదయం ఆరున్నరకు కొండెక్కినవాడు సాయంత్రం నాలుగు గంటలకు గానీ దిగడు. ఆకలి వేసేది మధ్యాహ్నం ఒంటిగంటకు, అప్పుడు పల్లె నాలుగు మైళ్ల కింద ఉంటుంది. రెండవది, తప్పనిసరి అన్న మాట ఎక్కడ పుడుతుందో అక్కడికి మరుసటి నెలలోనే కాంట్రాక్టరు వచ్చి కూర్చుంటాడు. బైపాసు రోడ్డు పక్కన 'సీమ రుచులు' అని బోర్డు పెట్టి, రంగు కలిపిన ఫారం కోడికి నాటుకోడి పులుసని పేరు పెట్టి అమ్ముతున్న తీరు మనకు తెలియనిది కాదు. ఆ ఘనకార్యం అడవి గేటు దాకా రావాలని మీ కోరికా? నేను ఇంటి నుంచి చిత్రాన్నం, ఉడికించిన చెనిక్కాయలు కట్టించుకుని వెళ్తాను, ఖాళీ డబ్బాతో తిరిగి వస్తాను. నా చేత బలవంతంగా ఎందుకు డబ్బు కట్టించుకోవాలి?

నెరబైలు కోడలు:

ఇంతసేపూ తినేవాళ్లే మాట్లాడారు, వండేవాళ్ల మాట కూడా ఒకటి వినండి. మాది తలకోన దారిలోని పల్లె. తెలిసినవాళ్లు చెప్పి పంపితే నేనూ మా తోటికోడలూ నడకకు వచ్చినవాళ్లకు వండి పెడతాం. పోయిన పుష్యమాసంలో ఒక బృందం పదిహేను మందికి నాటుకోడి పులుసు, సంగటి, పితికిపప్పు కావాలని చెప్పింది. మధ్యాహ్నం రెండు గంటలకు వస్తామన్నారు. వచ్చింది తొమ్మిది మంది, అదీ సాయంత్రం ఐదుకు. వాళ్లు మంచివాళ్లే, తిన్నంతవరకు లెక్కగట్టి డబ్బులిచ్చి వెళ్లారు. మిగిలిన ఆరుగురి కూడూ కోడీ మా లెక్కలో పడింది.

పితికిపప్పు ఎలా అవుతుందో చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. మంచు పడిన అనపకాయకే వాసన, అందుకే అది ఈ రెండు నెలల వంట. కాయలు ఒలిచి గింజలను రాత్రి నానబెడతాం. తెల్లవారి ఒక్కొక్క గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే పప్పు జారి గిన్నెలో పడుతుంది, తోలు చేతిలో మిగులుతుంది. పదిహేను మందికి కావాలంటే ముగ్గురు ఆడవాళ్లు రెండు గంటలు కదలకుండా కూర్చోవాలి. లేచేసరికి వేళ్ల కొసలు తెల్లగా ముడతలు పడి ఉంటాయి. సంగటి సంగతి వేరు. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండిని మధ్యలో కుప్పగా పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, దించి, కాళ్లతో కుండను అదిమిపట్టుకుని కట్టెతో ఉండలు లేకుండా గెలకాలి. వేడిగా ఉన్నప్పుడు చేయి తడిచేసుకుని ముద్ద కడితే పట్టులా ఉంటుంది, మూడు గంటలు ఆగితే రాయే. ఐదు గంటలకు వచ్చినవాళ్లు ఆ ముద్దను చూసి, "సంగటి అంటే ఇంత గట్టిగా ఉంటుందా అక్కా" అని అడిగారు. ఏమని చెప్పమంటారు?

ఆదివారం నడక అన్నగారు వేళ కుదరదన్నారు, నిజమే. కానీ మా మామగారు మేకలు తోలుకుని పోయినన్ని రోజులూ మధ్యాహ్నానికి ఇంటికొచ్చి తిన్నారా? సద్ది కట్టుకుని పోయారు. రాత్రి ముద్దను మజ్జిగలో పిసికి, ఉప్పు, ఉల్లిపాయ వేసి కుండలో పోసిస్తే అదే ఎండలో చలవ. మీకు అది రుచించకపోతే చిత్రాన్నమో, పులుసన్నమో, ఊరుబిండి పచ్చడితో రెండు జొన్నరొట్టెలో అరటాకులో కట్టి ఉదయం ఆరుకే చేతికిస్తాం. వేడి భోజనం కావాలంటే దిగివచ్చాక తినవచ్చు. ముందు చెప్పి, సగం డబ్బు ముందే కట్టాలి. మాకు కావలసింది ఇంతే, తప్పనిసరి అన్న పెద్ద మాట అక్కరలేదు.

పాత పంతులు:

మన ప్రాంతంలో కొండ నడక కొత్తగా దిగుమతి అయిన వినోదం కాదని గుర్తు చేయాలనిపించింది. తిరుమల కొండల్లో పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థ ముక్కోటి, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి అనే తీర్థ పండుగలు జరుగుతాయి. తుంబురు తీర్థానికి పాపవినాశనం నుంచి రాళ్లూ వాగులూ దాటుకుంటూ, వెనుకవాడు ముందువాడి చేయి పట్టుకుని వెళ్లాలి. నేను బడిలో పనిచేసిన కాలంలో ఏడుసార్లు వెళ్లాను. అక్కడ దేవస్థానం వారే అన్నప్రసాదమూ మజ్జిగా నీళ్లూ అందిస్తారు కాబట్టి, ఎవరూ బియ్యం మూట మోసుకుని వెళ్లి పొయ్యి రాజేయాలని అనుకోరు. తిండి దొరుకుతుందన్న నమ్మకం ఉంటే పొయ్యి దానంతటదే మాయమవుతుందని దీన్నిబట్టి నాకు అర్థమైంది. అది ఏడాదికి ఒక్కనాటి సంబరం, వెనుక పెద్ద సంస్థ ఉంది, ప్రతి ఆదివారానికీ అలా చేయడం కుదరదు అంటారేమో. కుదరదు, ఒప్పుకుంటాను. కానీ ముప్ఫైమందికి సద్ది కట్టడానికి అంత సంస్థ అక్కరలేదు గదా.

మేకలకాపరి కొడుకు:

అందరూ పల్లెలో వండితే అడవి బాగుపడుతుందని మాట్లాడుతున్నారు. పల్లెలో ఆ వంట ఏ కట్టెల మీద అవుతుంది? 'కట్టెల పొయ్యి మీద మట్టికుండలో చేసిన పులుసు' అని అడిగి మరీ తినేది మీరే. ఆ కట్టెలు అదే కొండ నుంచి వస్తాయి. మడుగు దగ్గర పదిమంది నాలుగు పుల్లలు కాలిస్తే తప్పు, మా ఊర్లో ముప్ఫైమంది కోసం మోపుల కొద్దీ కాలిస్తే పర్యాటకమా?

ఇంకొకటి. వచ్చినవాళ్లు నన్నారి షర్బత్ అసలుసిసలుది కావాలంటారు. నన్నారి అంటే వేరు, వేరు తవ్వితే తీగ చస్తుంది. చిన్నప్పుడు మా గట్టు దాటగానే కనిపించిన తీగ కోసం ఇప్పుడు యానాదులు ఎంతో దూరం పోతున్నారు. స్థానిక రుచి పేరుతో అడిగినదల్లా పెట్టే పనైతే, దానికంటే మీ నూడుల్స్ పొట్లమే నయం, కనీసం అది ఫ్యాక్టరీలో పుట్టింది.

నెరబైలు కోడలు:

తమ్ముడు కట్టెల గురించి అన్నది నిజం, దాటవేయను. మేము అన్నమూ పప్పూ గ్యాసు మీదనే చేస్తున్నాం. సంగటికి మాత్రం పొయ్యి వెలిగిస్తాం, దానికి మామిడితోటలో కొమ్మలు నరికినప్పుడు వచ్చిన పుల్లలు సరిపోతాయి, చిత్తూరు పక్క తోటలకు కొదవా? నన్నారి మాట ఒప్పుకున్నాను. ఇకమీద అడిగితే మజ్జిగే పోస్తాం.

అరణి ఒడ్డు:

నా ప్రతిపాదనలో తప్పనిసరి భోజనం అన్న భాగాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఇంటి నుంచి చిత్రాన్నం తెచ్చుకునేవాడిని ఆపడం నా ఉద్దేశం కాదు, అతని వల్ల అడవికి నష్టమూ లేదు. కానీ రెండు విషయాలు పట్టుబడతాను. ఒకటి, గేటు దగ్గర సంచి తెరిచి చూసి స్టవ్వు, గ్యాసు డబ్బా, బొగ్గు, పచ్చిమాంసం ఉంటే అక్కడే దింపించాలి. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపగలిగినప్పుడు ఇది ఆపలేమా? రెండు, సద్ది కావాలా వద్దా అని అనుమతి పత్రంలోనే అడగాలి, కావాలన్నవారి సొమ్ము నేరుగా వండే ఇంటికే చేరాలి. తలకోనలో పర్యాటకుల బాగోగులు నెరబైలు వనసంరక్షణ సమితి చూసిన అనుభవం ఉంది కాబట్టి ఆ దారి మనకు కొత్తది కాదు. మధ్యలో కాంట్రాక్టరు రాకుండా చూసే మార్గం ఏదో ఆదివారం నడక గారే చెప్పాలి, ఆ భయం నాకూ ఉంది.

ఆదివారం నడక:

కాంట్రాక్టరును ఆపే మంత్రం నా దగ్గర లేదు. పదిమందికి మించిన బృందానికి అనుమతి ఇవ్వకపోతే అతనికి గిట్టుబాటు కాదని మాత్రం అనుకుంటున్నాను. యాభైమందిని బస్సులో తెచ్చే నిర్వాహకులకు ఇది నచ్చదు, నచ్చకపోయినా ఫరవాలేదు. సంచి తనిఖీకి సిద్ధమే. పచ్చిమాంసం దింపించే మాటకు మా బృందంలోనే ఇద్దరు అలిగారు, వాళ్ల సంగతి నేను చూసుకుంటాను.

అక్కగారూ, వచ్చే ఆదివారం మేము ఎనిమిదిమంది తలకోన వస్తున్నాం. ఉదయానికి ఎనిమిది సద్దులు, దిగివచ్చాక పితికిపప్పు. ఎప్పటిలోగా చెప్పాలి?

నెరబైలు కోడలు:

అనపకాయలు సంతలో తేవాలి, ఒలవాలి, శనివారం రాత్రి నానబెట్టాలి కాబట్టి శుక్రవారం పొద్దుగూకేలోగా చెప్పండి అన్నా. సంగటి మాత్రం మీరు కోన దిగి కనబడ్డాకే గెలుకుతాం. సద్దికి డబ్బాలు మీవే తెచ్చుకోండి, అరటాకు మావైపు నుంచి.